“వాళ్లను బానిసలుగా చేసింది నేను కాదు”: హెన్రీ లారెన్స్ జీవితం

అందరికీ నమస్కారం. పనులు మానుకుని ఇంతమంది వచ్చి కూర్చున్నందుకు చాలా సంతోషం. మనిషి గురించి చెప్పే ముందు ఒక పద్దు చదువుతాను, వినండి.

“నలుగురు మగపిల్లల్ని, ఇద్దరు ఆడపిల్లల్ని కొన్నాను. వయసులు నాకు తోచినంతలో ఇవి: శాంచో 9, పీటర్ 7, బ్రూటస్ 7, హ్యారీ 6, బెలిండా 10, ప్రిసిల్లా 10. అందరికీ కలిపి 600 పౌన్లు.”

1756 జూన్ నెలాఖరున దక్షిణ కరోలినాలో ఎలియాస్ బాల్ అనే వరి భూస్వామి తన లెక్కల పుస్తకంలో రాసుకున్న పద్దు ఇది. సంతలో దూడను కొనేటప్పుడు మనం పళ్లు చూసి వయసు కడతాం. ఆయన ఆ పిల్లల వయసు అలాగే కట్టాడు. “నాకు తోచినంతలో” అన్న ఆ మాట దగ్గర నేను ఎన్నిసార్లు ఆగిపోయానో చెప్పలేను. ప్రిసిల్లాకు నిజంగా ఎన్నేళ్లో చెప్పగలిగిన కన్నతల్లి ఆ చుట్టుపక్కల లేదు. ఆ పేరు కూడా తల్లి పెట్టింది కాదు. ఓడ దిగాక తగిలించింది.

ఆ ఓడ పేరు హేర్, అంటే కుందేలు. ఆఫ్రికా పడమటి తీరంలోని సియెర్రా లియోన్ నుంచి వచ్చింది. ఆ సరుకును అమ్మిపెట్టిన, దక్షిణ కరోలినా రేవు పట్టణం చార్లెస్టన్‌కు చెందిన వ్యాపారి ఎలియాస్ బాల్‌కు బావ అవుతాడు, చెల్లెలి భర్త. ఆయన పేరు హెన్రీ లారెన్స్. ఓడలో వచ్చినవాళ్లను చూసి ఆయన అసంతృప్తి పడ్డాడు, గజ్జి పట్టిన మంద అని ఉత్తరం రాశాడు. మంద అనే రాశాడు. ఆ మందలోనే ప్రిసిల్లా ఉంది.

ఇంకో ఇరవై ఒక్క ఏళ్లకు ఇదే హెన్రీ లారెన్స్ అమెరికా కాంగ్రెస్‌కు, అంటే బ్రిటన్ మీద తిరగబడ్డ రాష్ట్రాల ప్రతినిధుల సభకు, అధ్యక్షుడయ్యాడు. ఈ సాయంత్రం నేను మాట్లాడబోయేది ఆయన గురించి. పెద్ద పేరున్న వాషింగ్టన్‌నో జెఫర్సన్‌నో వదిలేసి ఈయన దగ్గరికి ఎందుకు వచ్చావని మీరు అడగొచ్చు. లారెన్స్ ఉత్తరాలు వందల కొద్దీ మిగిలాయి. తాను ఏం చేస్తున్నాడో ఆయనకు తెలుసునని ఆ ఉత్తరాలు చెబుతాయి. తెలియక చేశాడనుకునే వీలు ఆయన మనకు ఇవ్వలేదు.

లారెన్స్ 1724లో చార్లెస్టన్‌లో పుట్టాడు. పూర్వీకులు ఫ్రాన్స్‌లో ప్రొటెస్టంట్లు. మతం పేరుతో వేధింపులు పడలేక దేశం విడిచి వచ్చిన కుటుంబం. తండ్రి గుర్రపు జీన్లు కుట్టి పైకి వచ్చినవాడు. కొడుకును 1744లో లండన్‌కు పంపి ఒక వ్యాపారి దగ్గర పని నేర్పించాడు. 1747లో కొడుకు తిరిగి వచ్చేసరికి తండ్రి లేడు. ఆ తర్వాత జార్జ్ ఆస్టిన్‌తో కలిసి ఆయన వ్యాపారం పెట్టాడు. ఎగుమతికి బియ్యం, నీలిమందు, జింక తోళ్లు. దిగుమతికి మనుషులు. 1750లలో ఈ ఒక్క వ్యాపారం చేతుల మీదుగా 8,000 మందికి పైగా ఆఫ్రికన్లు అమ్ముడుపోయారు. అమ్మిపెట్టినందుకు మామూలుగా నూటికి పది కమీషన్.

ఇక్కడ కాసేపు ఆగుదాం. ఆ పదేళ్లలో ఆయన ఒక్కరిని కూడా ఆఫ్రికాలో పట్టుకోలేదు. సంకెళ్లు వేయలేదు, ఓడ నడపలేదు. రేవులో కూర్చుని ఉత్తరాలు రాశాడు, బేరం కుదిర్చాడు, పద్దులు సరిచూశాడు. సియెర్రా లియోన్ నదిలో బాన్స్ అని చిన్న ద్వీపం ఉంది, దాని మీద కోట. లోపలి ఊళ్ల నుంచి పట్టి తెచ్చినవాళ్లను ఓడ వచ్చేదాకా ఆ కోటలో ఉంచేవారు. ఆ కోటకు 1748 నుంచి యజమానుల్లో ఒకడు రిచర్డ్ ఆస్వాల్డ్ అనే లండన్ వ్యాపారి. చార్లెస్టన్‌లో ఆస్వాల్డ్ మనిషి లారెన్స్. ఆస్వాల్డ్ పేరు గుర్తుంచుకోండి, మళ్లీ వస్తాడు.

1760లో లారెన్స్, ఆయన భాగస్వాములు వేయించిన ఒక ప్రకటన ఉంది. ఓడ పేరు కూడా బాన్స్ ఐలాండే. “వరి తీరం” నుంచి ఇప్పుడే దిగిన ఆరోగ్యవంతులైన నీగ్రోలు సుమారు 250 మంది అమ్మకానికి ఉన్నారు అంటుంది. అప్పుడు ఊళ్లో మసూచి రేగి ఉంది. అందుకని కింద ఒక హామీ: వీళ్లకు మసూచి సోకకుండా అన్ని జాగ్రత్తలూ తీసుకున్నాం, పైగా సగం మందికి తమ దేశంలోనే ఒకసారి వచ్చి పోయింది.

వరి తీరం అన్న మాట ఎందుకు వేశారు? ఇక్కడ వ్యవసాయం తెలిసినవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి మీకు తేలిగ్గా అర్థమవుతుంది. కరోలినా భూములు నదుల పక్కన బురద నేలలు. సముద్రపు పోటు వచ్చినప్పుడు నదిలో మంచినీరు పైకి ఎగదన్నుతుంది. గట్టు కట్టి, తూము పెట్టి, పోటులో నీళ్లు మడిలోకి తీసుకోవాలి, ఆటులో వదిలేయాలి. ఈ పని లండన్ నుంచి వచ్చిన దొరలకు తెలియదు. సియెర్రా లియోన్, గాంబియా తీరాల్లో తరతరాలుగా వరి పండించినవాళ్లకు తెలుసు. అందుకే ఆ తీరం మనుషులకు చార్లెస్టన్‌లో గిరాకీ. నాటడం నుంచి రోట్లో పోసి రోకలితో దంచడం, చేటతో చెరగడం దాకా అంతా వాళ్లే. మోకాలు దాకా నీళ్లలో, దోమల్లో, మలేరియాలో. మన అమ్మమ్మలూ వడ్లు దంచారు. కానీ వాళ్లు దంచిన గింజ వాళ్ల ఇంటి కుండలోకి వెళ్లింది. ఈ తేడా ఎంత పెద్దదో వేరే చెప్పక్కర్లేదు.

1760లు నడిచే కొద్దీ లారెన్స్ ఈ అమ్మకాల వ్యాపారం నుంచి తప్పుకున్నాడు. తప్పుకుని ఏం చేశాడు? తానే భూస్వామి అయ్యాడు. 1762లో కూపర్ నది ఒడ్డున మెప్కిన్ అనే ఎస్టేట్ కొన్నాడు. ఆ తర్వాత జార్జియాలో కూడా భూములు కొన్నాడు. వందల మంది బానిసలు. బేరగాడు పోయి యజమాని వచ్చాడు.

శాసనసభ జీవితం అంతకు ముందే మొదలైంది. 1757లో దక్షిణ కరోలినా సభకు ఎన్నికయ్యాడు. విప్లవం దాకా దాదాపు ప్రతిసారీ గెలుస్తూనే ఉన్నాడు. మొదట్లో ఆయన తిరుగుబాటుదారు కాదు, రాజుగారి చట్టం పట్ల గౌరవం ఉన్న నెమ్మదస్తుడు. 1765 అక్టోబరులో స్టాంపుల చట్టం మీద, అంటే కాగితాల మీద బ్రిటన్ వేసిన పన్ను మీద, గొడవ జరుగుతున్నప్పుడు స్టాంపు కాగితాలు ఈయన ఇంట్లో దాచారని పుకారు పుట్టింది. అర్ధరాత్రి జనం మొహాలకు మసి పూసుకుని తలుపులు బాదారు. “లిబర్టీ, లిబర్టీ” అని, అంటే స్వేచ్ఛ అని కేకలు. భార్య నిండు గర్భిణి, భయంతో వణికిపోతోంది. వచ్చినవాళ్లు ఇల్లంతా వెతికి, ఏమీ దొరక్క, ఆయన సారాయి తాగి వెళ్లిపోయారు. మసి వెనక ఎవరున్నారో చాలామందిని గుర్తుపట్టానని ఆయన తర్వాత రాశాడు.

మూడు నెలలు కూడా గడవలేదు. 1766 జనవరిలో చార్లెస్టన్ వీధుల్లో కొందరు బానిసలు అదే మాట అరిచారు. లిబర్టీ. ఊరు ఊరంతా ఉలిక్కిపడింది. తెల్లవాళ్లు వారం పాటు ఆయుధాలు పట్టుకుని రాత్రీ పగలూ కాపలా తిరిగారు. లారెన్స్ దీని గురించి కూడా ఉత్తరం రాశాడు. భయపడాల్సిందేమీ లేదు, పెద్దలు అరిచింది విని వాళ్లూ అనుకరించారు, అంతే అన్నాడు. మొహాన మసి పూసుకున్న తెల్లవాడు అరిస్తే అది హక్కు. పుట్టుకతో నల్లవాడు అరిస్తే అది అనుకరణ. ఆ మాటకు అర్థం వాళ్లకే బాగా తెలుసునన్న ఆలోచన ఆయనకు తట్టలేదు. తట్టినా కాగితం మీద పెట్టలేదు.

1775లో ఇంకో ఘోరం జరిగింది. థామస్ జెరమయా అని చార్లెస్టన్ రేవులో ఓడలకు దారి చూపే పైలట్. నల్లవాడే కానీ స్వతంత్రుడు, డబ్బు సంపాదించుకున్నవాడు. ఆయన కింద కూడా బానిసలు ఉన్నారు, అదీ చెప్పాలి. బ్రిటిషు సైన్యం వస్తే నల్లవాళ్లు వాళ్లతో కలవండి అని చెబుతున్నాడని నేరం మోపారు. సాక్ష్యాలు బలహీనం. బ్రిటిషు గవర్నర్ ఆపాలని ప్రయత్నించాడు, ఆయన మాట సాగలేదు. ఆగస్టు 18న ఉరితీసి, శవాన్ని కాల్చేశారు. అప్పుడు ఆ ఊళ్లో అధికారం నడుపుతున్న రక్షణ మండలికి అధ్యక్షుడు లారెన్స్. జెరమయా దోషేనని నమ్మాడు. డబ్బొచ్చి తలకెక్కినవాడని లండన్‌లో చదువుకుంటున్న కొడుక్కి రాశాడు. నల్లవాడు కలిగినవాడైతే అది కూడా ఒక నేరంగానే కనిపించింది.

ఇంకొక్క ఏడాదికి అదే కొడుక్కి రాసిన ఉత్తరం ఇది. 1776 ఆగస్టు 14. స్వాతంత్ర్య ప్రకటన అప్పుడే చార్లెస్టన్ చేరింది. ఆ వేడిలో రాశాడు. “బానిసత్వం అంటే నాకు అసహ్యం” అన్నాడు. నేను పుట్టేనాటికే బ్రిటిషు రాజులు, పార్లమెంటు దీన్ని ఇక్కడ పాతుకునేలా చేశారన్నాడు. క్రైస్తవమూ బానిసత్వమూ ఒకే ప్రభుత్వం నీడన పెరగడం చూశానన్నాడు. అక్కడితో ఆగలేదు. రేపు వేలం వేస్తే నా నీగ్రోలకు 20,000 పౌన్లకు తక్కువ రాదు అని విలువ కట్టాడు. తర్వాత వాక్యమే ఈ ప్రసంగానికి పెట్టుకున్న పేరు. వాళ్లను బానిసలుగా చేసింది నేను కాదు, ఆ ఉపకారం ఇంగ్లీషువాళ్లది. అయినా చాలామందిని విడుదల చేసే మార్గం చూస్తున్నాను. చట్టం, ఆచారం, నా దురాశ, నా దేశస్థుల దురాశ అడ్డం. ఇంత ఆస్తి పోగొడితే నా పిల్లలు ఏమంటారు?

ఈ ఉత్తరం మొదటిసారి చదివినప్పుడు నాకు ఆయన మీద గౌరవం కలిగింది. తన దురాశను తానే పేరు పెట్టి చెప్పుకునే భూస్వాములు ఎంతమంది ఉంటారు? రెండోసారి చదివినప్పుడు ఆ 8,000 మంది గుర్తొచ్చారు. అమ్మింది ఎవరు? ఇరవై ఏళ్ల కిందట ఆ పద్దులన్నీ ఎవరి చేత్తో రాసినవి? “నేను కాదు” అన్న ఒక్క మాట కోసం ఆయన తన సొంత పుస్తకాలన్నీ మరిచిపోవాల్సి వచ్చింది. అందులో ప్రిసిల్లా వచ్చిన ఓడ కూడా ఉంది.

కొడుకు జాన్ మాత్రం ఆ ఉత్తరాన్ని నిజంగా నమ్మాడు. అతను వాషింగ్టన్ దగ్గర సైనికాధికారిగా చేరాడు. 1778లో తండ్రిని అడిగాడు: నాకు రావలసిన ఆస్తికి బదులు దృఢమైన బానిసల్ని ఇవ్వండి, పటాలం కడతాను, యుద్ధం తర్వాత వాళ్లు స్వతంత్రులు. తండ్రి మొదట వెనక్కి లాగాడు, తర్వాత మెత్తబడ్డాడు. 1779 మార్చి 29న కాంగ్రెస్ ఆ ఆలోచనను ఆమోదించింది. దక్షిణ కరోలినా, జార్జియాల నుంచి 3,000 మంది. యజమానికి మనిషికి 1,000 డాలర్ల దాకా పరిహారం, యుద్ధం అయ్యాక ఆ సైనికుడికి స్వేచ్ఛ, 50 డాలర్లు. అంతా కాగితం మీద సిద్ధం. దక్షిణ కరోలినా శాసనసభ దాన్ని తిప్పికొట్టింది. జాన్ మళ్లీ మళ్లీ అడిగాడు, మళ్లీ మళ్లీ ఓడిపోయాడు. 1782 ఆగస్టులో, యుద్ధం దాదాపు ముగిశాక, ఒక చిన్న కొట్లాటలో చనిపోయాడు. వయసు ఇరవై ఏడు.

కాంగ్రెస్ అధ్యక్షుడిగా లారెన్స్ కాలం గురించి క్లుప్తంగా చెబుతాను. 1777 నవంబరు 1 నుంచి 1778 డిసెంబరు 9 దాకా. బ్రిటిషువాళ్లు ఫిలడెల్ఫియా పట్టుకోవడంతో కాంగ్రెస్ యార్క్ అనే చిన్న ఊరికి పారిపోయి ఉంది. అమెరికా మొదటి రాజ్యాంగం లాంటి కాన్ఫెడరేషన్ ఒప్పందం అక్కడే ఆమోదం పొందింది, ఫ్రాన్స్‌తో పొత్తు అక్కడే ఖరారైంది. పని రాక్షసుడు, నిజాయితీపరుడు అని పేరు తెచ్చుకున్నాడు. ప్రజల డబ్బు విషయంలో ఆయన చేతులు శుభ్రమే.

1780లో అప్పు తేవడానికి హాలండ్‌కు ఓడ ఎక్కాడు. దారిలో బ్రిటిషు యుద్ధనౌక పట్టుకుంది. కాగితాల సంచీని సముద్రంలోకి విసిరితే అది మునగలేదు. గేలంతో లాగారు. అందులో డచ్చివాళ్లతో ఒప్పందం ముసాయిదా బయటపడింది, దాన్ని పట్టుకుని బ్రిటన్ హాలండ్ మీద యుద్ధం ప్రకటించింది. లారెన్స్‌ను లండన్ టవర్‌లో పెట్టారు. దాదాపు పదిహేను నెలలు. కలం, కాగితం ఇవ్వలేదు, పెన్సిలుతో దొంగచాటుగా రాసుకున్నాడు. కాపలావాళ్ల జీతం ఖైదీయే ఇచ్చుకోవాలని బిల్లు పంపారు, ఆయన ఇవ్వనన్నాడు. ఆరోగ్యం పూర్తిగా దెబ్బతింది. బంధనం అంటే ఏమిటో ఆయన ఒంటికి తెలిసింది అక్కడే.

1781 డిసెంబరు ఆఖరున ఆయనకు జామీను నిలిచింది ఎవరు? బాన్స్ ద్వీపం కోట యజమాని, పాత మిత్రుడు ఆస్వాల్డ్. తర్వాత లారెన్స్‌కు బదులుగా విడుదలైంది కార్న్‌వాలిస్. యార్క్‌టౌన్‌లో లొంగిపోయిన సేనాని. ఆ లొంగుబాటు షరతులు రాసినవారిలో జాన్ లారెన్స్ ఒకడు. ఈ కార్న్‌వాలిస్ మనకూ కొత్తవాడు కాదు. 1786లో గవర్నర్ జనరల్‌గా ఇండియాకు వచ్చాడు. బెంగాల్‌లో ఆయన పెట్టిన శాశ్వత శిస్తు పద్ధతిని 1802 నుంచి మన ఉత్తర సర్కారుల్లోనూ అమలు చేశారు. కోస్తా జమీందారీలకు చట్టపు ముద్ర పడింది దానితోనే.

ఇక 1782 నవంబరు, ప్యారిస్. సంధి మాటలు చివరికి వచ్చాయి. అమెరికా తరఫున ఫ్రాంక్లిన్, ఆడమ్స్, జే. బ్రిటన్ తరఫున, నమ్మండి, ఇదే ఆస్వాల్డ్. లారెన్స్ చిట్టచివరి రోజు చేరుకున్నాడు, నవంబరు 29. కొడుకు చనిపోయిన వార్త అప్పటికే అందింది. మరునాడు సంతకాలు. ఆ ఒక్క రోజులో ఆయన ఒప్పందంలో చేర్పించింది ఒకే ఒక్క మాట: బ్రిటిషు సైన్యం వెళ్లిపోయేటప్పుడు “నీగ్రోలను గానీ ఇతర ఆస్తిని గానీ” తీసుకుపోకూడదు. ఆస్వాల్డ్ అభ్యంతరం చెప్పలేదు. చెబుతాడా? ముప్పై ఏళ్ల కిందట ఆ నదిలో వీళ్లిద్దరూ కలిసి చేసిన వ్యాపారమే అది. బానిసలకు స్వేచ్ఛ కోసం పోరాడిన కొడుకు పోయిన మూడు నెలలకు తండ్రి చేసిన పని ఇది. దుఃఖంలో ఉన్న మనిషిని తప్పుపట్టడం నాకూ కష్టంగానే ఉంది. కానీ ఆ వాక్యం ఎవరి మీద పడిందో చూడాలి.

బోస్టన్ కింగ్ అని ఒకతను. చార్లెస్టన్ దగ్గర పుట్టాడు, బానిస, వడ్రంగం నేర్చుకున్నాడు. పనిముట్లు పోయాయని యజమాని కొట్టిన దెబ్బలకు వారాల తరబడి మంచం పట్టినవాడు. స్వేచ్ఛ ఇస్తామన్న మాట నమ్మి బ్రిటిషువాళ్ల వైపు పారిపోయి న్యూయార్క్ చేరాడు. సంధి వార్త వచ్చాక పాత యజమానులు తమ బానిసల్ని వెతుక్కుంటూ న్యూయార్క్ వచ్చారు. వీధుల్లో పట్టుకుంటున్నారని, పడకల మీద నుంచి లాక్కుపోతున్నారని వినబడింది. కొన్ని రోజులు తిండి సయించలేదు, కంటికి కునుకు లేదు అని కింగ్ తర్వాత రాసుకున్నాడు. ప్యారిస్‌లో చేర్చిన ఆ చిన్న వాక్యం న్యూయార్క్‌లో ఇలా పనిచేసింది. కానీ బ్రిటిషు సేనాని కార్ల్‌టన్ ఒప్పుకోలేదు. ముందే స్వేచ్ఛ ఇస్తామని మాటిచ్చినవాళ్లు ఆస్తి కిందకు రారన్నాడు. 3,000 మంది పేర్లు ఒక పుస్తకంలో రాయించి, ఇప్పటి కెనడాలో ఉన్న నోవా స్కోషియాకు పంపాడు. మనుషుల పేర్లు రాసిన మరో పుస్తకం. కింగ్, ఆయన భార్య పేర్లు అందులో ఉన్నాయి.

ఇంటికి తిరిగొచ్చాక లారెన్స్ రాజకీయాల జోలికి పెద్దగా పోలేదు. 1787లో రాజ్యాంగ సభకు ఎన్నుకుంటే వెళ్లలేదు. కొద్దిమందిని విడుదల చేశాడు. 1776లో అన్న “చాలామంది” విడుదల కాలేదు. 1792 డిసెంబరు 8న మెప్కిన్‌లో చనిపోయాడు. తన శరీరాన్ని పన్నెండు గజాల ముతక గుడ్డలో చుట్టి, పూర్తిగా బూడిదయ్యేదాకా కాల్చాలని వీలునామాలో రాశాడు. మనకు దహనం మామూలే. ఆ దేశంలో తెల్లవాళ్లెవరూ అప్పటికి ఎరగని పని. దానికి ఒక కారణం చెబుతారు. కూతురు మార్తా పసిగుడ్డుగా ఉండగా మసూచి వచ్చింది, మన ఊళ్లల్లో అమ్మవారు పోసింది అనేవాళ్లు. చనిపోయిందనుకుని కిటికీ దగ్గర పడుకోబెడితే, గాలి తగిలి కదిలింది. బతికి పెద్దదైంది. బతికుండగానే పూడ్చిపెడతారేమోనన్న భయం ఆయనను జీవితమంతా వదల్లేదు. ఆ పాప జబ్బు పడిన రోజుల్లోనే ఆయన వ్యాపారం మసూచి హామీతో 250 మందిని అమ్మకానికి పెట్టింది.

పోయినేడు మా అమ్మాయి వాళ్లతో మెప్కిన్ వెళ్లాను. షార్లెట్ నుంచి మూడున్నర గంటలకు పైనే పట్టింది. ఇప్పుడది క్రైస్తవ సన్యాసుల మఠం. ఎవరూ గట్టిగా మాట్లాడరు. పెద్ద పెద్ద ఓక్ చెట్లు, కొమ్మల నుంచి జడల్లా వేలాడే బూడిద రంగు నాచు. కింద కూపర్ నది. ఒడ్డున పాత వరి మళ్ల గట్లు ఇప్పటికీ ఆనవాలు పట్టొచ్చు, గడ్డి మొలిచి ఉన్నాయి. వరి చేల మధ్య పెరిగినవాడిని కాబట్టి నాకు ముందు గట్టే కనిపించింది, సమాధి తర్వాత. ఎవరో బుట్టలతో బురద మోసి, తొక్కి గట్టిపరిచిన గట్టు. రెండువందల యాభై ఏళ్లయినా కరగలేదు.

లారెన్స్ చనిపోయిన ఆ 1792లోనే, జనవరిలో, నోవా స్కోషియా నుంచి 15 ఓడలు బయలుదేరాయి. దాదాపు 1,200 మంది నల్లవాళ్లు, వాళ్లలో బోస్టన్ కింగ్. మార్చిలో సియెర్రా లియోన్ చేరి ఒక ఊరు కట్టుకున్నారు. ఫ్రీటౌన్ అని పేరు పెట్టారు. నదిలో పైకి పోతే ముప్పై కిలోమీటర్ల దూరంలో బాన్స్ కోట అప్పటికింకా నడుస్తూనే ఉంది.

ప్రిసిల్లా అప్పటికి బతికే ఉంది, బాల్ కుటుంబం ఎస్టేట్‌లోనే, అదే కూపర్ నది పక్కన. పదిమంది పిల్లల్ని కన్నది. 1811లో చనిపోయింది. బాల్ కుటుంబం పుస్తకాలు పోగొట్టుకోలేదు కాబట్టి, ఆమె నుంచి ఏడో తరం దాకా పేర్లు వరుసగా దొరికాయి. 2005లో ఆ ఏడో తరం ఆడపడుచు ఒకామె చార్లెస్టన్ నుంచి సియెర్రా లియోన్ వెళ్లింది. ప్రిసిల్లా ఇల్లు చేరిందని అక్కడి జనం ఎదురొచ్చి తీసుకెళ్లారు.

నేను చెప్పదలచుకున్నది ఇంతే. మీరు అడగవలసినవి ఉంటే అడగండి, తెలిసినంతలో చెబుతాను.